శిలాజ దంతమా, తేనెటీగా: పరిశోధనకు ఏది మేలు?

జీవశాస్త్రంలో పరిశోధన చేద్దామనుకునేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ కూడలిలో వచ్చి నిలబడతారు. చచ్చి కోట్ల ఏళ్లయిన జంతువు వెంట పడాలా, కళ్ల ముందు ఎగిరే తేనెటీగ వెంట పడాలా? జీతాలు, ఉద్యోగాల లెక్క పక్కన పెడదాం, రెండింట్లోనూ పోటీ ఎక్కువే. నేను చూసే తేడా ఒక్కటే. మనం తప్పు చేస్తే అది బయటపడటానికి ఎన్నాళ్లు పడుతుంది?

క్షీరదాల శిలాజాలంటే చాలామందికి మ్యూజియంలో నిలబెట్టిన నిండు అస్థిపంజరం గుర్తొస్తుంది. చేతికి దొరికేవి మాత్రం ఎక్కువగా పళ్లే. ఒంట్లోకెల్లా గట్టిది పంటి మీది ఎనామిల్. ఎముక పొడైపోయినా అది మిగులుతుంది. దవడ పళ్ల మీది గుబ్బలు, గాడులు జంతువును బట్టి మారతాయి కాబట్టి, తెలిసినవాళ్లు ఒక్క పన్ను చూసి అది ఏ కుటుంబానిదో చెప్పేస్తారు. మరీ చిన్న జంతువులైతే మట్టిని బస్తాల్లో తెచ్చి, నానబెట్టి, సన్న జల్లెడలో కడగాలి. మిగిలినదాన్ని ఆరబెట్టి, పళ్లెంలో పలచగా పరిచి, మైక్రోస్కోప్ కింద తడి కుంచెతో ఒక్కో రేణువునూ పక్కకు జరపాలి. పొద్దుటి నుంచి జరిపితే సాయంత్రానికి ఆవగింజంత పన్ను ఒకటి కనపడిందా, ఆ రోజు పండగే. లేకపోతే మర్నాడు ఇంకో పళ్లెం. ఈ పని తనకు పడుతుందో లేదో ఎవరికైనా వారంలో తేలిపోతుంది.

అలాంటి కొన్ని పళ్లు ఎంత చెప్పగలవో పనామాలో చూశాం. ఉష్ణమండలంలో రాతిపొర పైకి కనపడటమే అరుదు, మట్టీ చెట్లూ కప్పేస్తాయి. 2007లో పనామా కాలువ విస్తరణ మొదలయ్యాక కొత్తగా కోసిన గట్లలో పొరలు బయటపడ్డాయి. మళ్లీ గడ్డి మొలిచి మూసుకుపోయేలోగా పరిశోధకులు వాటిని గాలించారు. అక్కడ దొరికిన 7 పళ్ల ఆధారంగా 2016లో పనామాసీబస్ అనే కోతిని ప్రకటించారు. దాని వయసు దాదాపు 2.1 కోట్ల ఏళ్లు. అప్పటికి పనామా ఉత్తర అమెరికా కొసన ఉండేది, దానికీ దక్షిణ అమెరికాకూ మధ్య సముద్రమే ఉంది. నేల కలిసి జంతువులు పెద్దయెత్తున రాకపోకలు సాగించింది సుమారు 30 లక్షల ఏళ్ల కిందట. అంటే ఈ కోతి పూర్వీకులు దక్షిణ అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చినట్టే. బహుశా కొట్టుకొచ్చిన చెట్ల తెప్ప మీద! బతికున్న కోతులను నూరేళ్లు గమనించినా ఈ సంగతి తెలిసేది కాదు.

ఇక తప్పు మాట. పాకిస్తాన్‌లో దొరికిన పుర్రెతో 1981లో పాకిసీటస్ అనే తొలినాటి తిమింగలం లోకానికి తెలిసింది. వయసు దాదాపు 5 కోట్ల ఏళ్లు. చెవి ఎముక తీరు తిమింగలానిదే, కానీ మిగతా ఒళ్లు దొరకలేదు. దాంతో దాన్ని నీళ్లలో ఈదుతున్నట్టు బొమ్మ గీశారు. 2001లో కాళ్ల ఎముకల వివరాలు వచ్చేసరికి అవి శుభ్రంగా నేల మీద నడిచే కాళ్లని తేలింది. ఆ తర్వాత ఎముకల మందం చూసి, లోతులేని నీళ్లలో దిగి తిరిగేదని అంటున్నారు. మొదటి బొమ్మ గీసినవాళ్లది అజాగ్రత్త అనలేం. ఉన్నది పుర్రె, చూపించమంటే ఇంకేం చూపిస్తారు? సరిదిద్దుకోవడానికి 20 ఏళ్లు పట్టింది, అంతే.

ఇదే పనామాలో రాత్రిపూట తిరిగే తేనెటీగ ఒకటుంది, మెగలోప్టా. ఎండిన పుల్లను తొలిచి గూడు పెడుతుంది. మామూలు తేనెటీగ కంటే దాని కళ్లకు వెలుతురును పట్టే శక్తి సుమారు 27 రెట్లు ఎక్కువ. ఆ చీకట్లో సొంత పుల్లను ఎలా గుర్తుపడుతుంది? పరిశోధకులు గూటి దగ్గర ఒక గుర్తు పెట్టారు. ఈగ బయటికొస్తూ వెనక్కి తిరిగి గూటిని పరకాయించి చూసి వెళ్లింది. అది లేనప్పుడు గుర్తును పక్క గూటికి మార్చారు. తిరిగొచ్చిన ఈగ నేరుగా పక్కింట్లో దూరింది! కంటి గుర్తుతోనే ఇల్లు వెతుక్కుంటోందని తేలిపోయింది. ఊహ తప్పయి ఉంటే అదీ అక్కడే తేలేది. శిలాజాన్ని ఇలా మళ్లీ అడిగే వీల్లేదు.

ఆర్కిడ్ అనే పూలమొక్కల పేరుతో పిలిచే ఆర్కిడ్ తేనెటీగలైతే అడగకుండానే వస్తాయి. నీలగిరి తైలానికి ఆ వాసన తెచ్చేది సినియోల్. కాగితం ముక్కను అందులో తడిపి అడవిలో చెట్టుకు కడితే కాసేపట్లో మగ ఈగలు వాలతాయి, ఇత్తడికి పచ్చరంగు పూసినట్టు మెరుస్తూ. ముందుకాళ్లతో కాగితాన్ని గీకి, గాల్లోకి లేచి, ఆ వాసనను వెనక కాళ్లలోని సంచుల్లోకి చేరవేసుకుని మళ్లీ వాలతాయి. ఇదంతా ఆడ ఈగల మెప్పు కోసం పోగుచేసుకునే అత్తరు.

అలాగని ఈగల పని సులువని మోసపోకండి. తెలిసిన జాతులే 20 వేలకు పైన. చాలావాటిని సూదికి గుచ్చి, నాలుక పొడవు, రెక్కల ఈనెలు చూస్తే గానీ పేరు చెప్పలేం. పనామాలోనే బారో కొలరాడో దీవిలో 1979 నుంచి ఆర్కిడ్ ఈగలను లెక్కపెడుతున్నారు. ఏడాది తిరిగేసరికి ఒక జాతి సగానికి పడిపోవడం, మళ్లీ రెట్టింపవడం అక్కడ మామూలే. రెండేళ్ల లెక్క చూసి ‘అయ్యో, అంతరించిపోతున్నాయి’ అన్నవాడు మూడో ఏడు నాలుక కరుచుకుంటాడు.

నన్నడిగితే, కొత్తవాళ్లు ఈగలతో మొదలుపెట్టడం మేలు. ‘ఎలా’ అన్న ప్రశ్నకు పరీక్ష పెట్టొచ్చు, తప్పయితే మళ్లీ పెట్టొచ్చు. మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ‘ఎప్పుడు, ఎక్కణ్నుంచి’ అన్నదైతే మాత్రం జల్లెడ పట్టాల్సిందే, ఈగలు దానికి జవాబు చెప్పలేవు. రెండూ నేర్చినవాళ్లకు దక్కేది వేరే ఉంది. డొమినికన్ రిపబ్లిక్‌లో దొరికిన ఆంబర్‌లో, అంటే చెట్టు జిగురు గట్టిపడిన ముక్కలో, కుట్టని తేనెటీగ ఒకటి కనపడింది. దాని వయసు 1.5 నుంచి 2 కోట్ల ఏళ్లు. వీపు మీద చిన్న ముద్ద అంటుకుని ఉంది. అది ఆర్కిడ్ పుప్పొడి అని 2007లో ప్రకటించారు. ఆర్కిడ్లకు దొరికిన మొదటి తిరుగులేని శిలాజం అదే. ఈనాటి ఆర్కిడ్ పుప్పొడి ఏ తీరున ఈగ వీపున అతుక్కుంటుందో ఎరగనివాళ్ల కంటికి అది ఉత్త మరకే.