దేవుడి పటాల షాపులో నిజాం స్టాంపులకు ఫ్రేములు (నల్లగొండ)

నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఐదోది బిల్లు దగ్గర ఆగిపోయింది, ఆ గోల చివర్లో చెప్తా. ఫ్రేముల పనికి మాత్రం వంక పెట్టలేను.

క్లాక్ టవర్ నుంచి ప్రకాశం బజార్ వైపు నడిస్తే ఓ సందులో ఉంటుందీ షాపు. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి గానీ, ‘దేవుడి పటాల షాపు’ అంటే ఎవరైనా చూపిస్తారు. లోపలికి పోతే యాదగిరి నర్సన్న పటాలు, పెండ్లి ఫొటోలు, దండ కోసం ఎదురుచూస్తున్న పెద్దల ఫొటోలు. ఇలాంటి చోట దాదాపు తొంభై ఏళ్ల నాటి స్టాంపులు ఇచ్చి రావడమా అని మా క్లబ్బు వాళ్లకు ఒకటే టెన్షన్.

మాది చిన్న క్లబ్బు. నిజాం సర్కారు స్టాంపులు, వాటి మీద పడ్డ తపాలా ముద్రలు, అంతవరకే మా లోకం. 1869లో వచ్చిన మొదటి స్టాంపు నుంచి, 1950 ఏప్రిల్‌లో నిజాం తపాలా ఇండియా తపాలాలో కలిసేదాకా. సభ్యులు నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, భువనగిరి, పాలమూరు అంతా చెదిరి ఉన్నారు. లెక్కలు రాసేది నేను. ఏళ్ల తరబడి క్లబ్బుకు చాకిరీ చేస్తున్న ముగ్గురికి ఈసారి సన్మానం చేయాలనుకున్నాం. ముగ్గురూ వేదిక ఎక్కమంటే వెనక వరసలోకి పోయి కూర్చునే రకమే.

మొదటాయన రిటైర్డ్ లెక్చరర్. సర్క్యులేషన్ పాకెట్ నడుపుతారు. సభ్యులు తమ దగ్గర ఎక్కువైన స్టాంపులను చిన్న బుక్‌లెట్లలో పెట్టి, కింద ధర రాసి ఆయనకు పంపుతారు. ఆయన వాటన్నిటినీ ఒక పాకెట్‌గా కట్టి పోస్టులో మొదటి సభ్యుడికి పంపితే, వాళ్లు నచ్చింది తీసుకుని, ఖాళీ అయిన గడిలో సంతకం పెట్టి, తర్వాతివాళ్లకు పంపాలి. చెప్పినంత తేలిక కాదు. ఒకరు చెప్పకుండా ఊరెళ్తారు. ఒకరి బీరువాలో పాకెట్ నెలల తరబడి పడి ఉంటుంది. ఒకరు మంచి స్టాంపు తీసుకుని దాని జాగాలో చినిగింది పెడతారు (అవును, స్టాంపుల వాళ్లలోనూ ఉంటారు ఇలాంటోళ్లు). పాకెట్ తిరిగొచ్చాక ఆయన ప్రతి గడినీ భూతద్దం పెట్టి చూసి, ఎవరి డబ్బు ఎవరికి చేరాలో తేలుస్తారు. ఇన్నేళ్లలో రూపాయి తేడా రాలేదు. లెక్కలు రాసేదాన్ని కాబట్టి అదెంత పనో నాకు తెలుసు.

రెండో ఆమె ఉస్మానియా ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఎగ్జిబిషన్ అంటే ఒక్కో ప్రదర్శన బోర్డులో (దాన్నీ ఫ్రేమే అంటాం) స్టాంపులు పెట్టిన పేజీలు పదహారు ఎక్కించాలి. అందరం పొద్దున వచ్చి ఫొటోలు దిగి పోతాం. ముందు రోజు రాత్రి పేజీలు ఎక్కించేదీ, అంతా అయ్యాక ఒక్కొక్కటే దించి ఎవరివి వాళ్ల కవర్లో పెట్టేదీ ఆమే. మూడో ఆయన సూర్యాపేటలో వాచీలు బాగుచేస్తారు. మాకు అసలు స్టాంపేదో, రీప్రింటేదో (తర్వాత మళ్లీ అచ్చేసింది) తేల్చి చెప్పేది ఆయనే. 1869 అణా స్టాంపు పర్ఫొరేషన్, అంటే అంచున రెండు సెంటీమీటర్లలో పడే చిల్లుల లెక్క, 11½ ఉంటుంది, 1880లో వేసిన రీప్రింట్లకు 12½. చిల్లులు కొలిచే గేజ్ మీద పెట్టి చూడడం ఎవరైనా నేర్చుకోవచ్చు. వేలు పోసి కొనుక్కొచ్చిన కుర్రాడితో “ఇది రీప్రింటే తమ్మీ” అని మనసు నొప్పించకుండా చెప్పడం అందరికీ రాదు.

కమిటీలో ఎప్పటిలాగే శాలువా, షీల్డు అన్నారు. “శాలువలు పెట్టనీకి బీరువా గూడ కొనియ్యుర్రి” అని ఒకాయన అనేసరికి ఆ ముచ్చట ఆగింది. పోస్టాఫీసు వాళ్ల మై స్టాంప్ చేయిద్దామన్నారు ఇంకొకరు. సొంత ఫొటోతో పన్నెండు స్టాంపుల షీటు 300 రూపాయలు. బాగానే ఉంటుంది గానీ, నిజాం స్టాంపు తప్ప ఇంకోటి ముట్టని మనుషులకు వాళ్ల ఫొటోలే ఇచ్చి ఏం లాభం? అసలు స్టాంపులే ఫ్రేము కట్టించి ఇద్దామన్నాను. 1937లో ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన సెట్టు దొరికింది. ఎనిమిది పైల (పై అంటే అణా కంటే చిన్న నాణెం) స్టాంపు మీద ఉస్మానియా ఆస్పత్రి ఉంటుంది, అది నర్సమ్మకు. అణా స్టాంపు మీద ఉస్మానియా యూనివర్సిటీ, అది లెక్చరర్ గారికి. వాచీలాయనకు 1931 నాటి అణా స్టాంపు, చార్మినార్ బొమ్మది. చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలుంటాయి కదా! స్టాంపులో అవి కనిపిస్తాయా అని మాత్రం అడగొద్దు. ఏవీ పెద్ద ఖరీదైనవి కావు.

ఇక షాపు సంగతి. ఇంతకుముందు వేరే ఊళ్లో ఒక షాపులో ఇస్తే, స్టాంపును జిగురుతో అట్టకు అంటించి, పైన లామినేషన్ కూడా చేసి నవ్వుతూ చేతిలో పెట్టారు. ఇక ఆ స్టాంపు మీద ఆశ వదులుకోవడమే. అందుకే ఇక్కడ ముందే షరతులన్నీ చదివాను. జిగురు వద్దు, టేపు వద్దు, లామినేషన్ మాటే ఎత్తొద్దు, గ్లాసు స్టాంపుకు తగలొద్దు. ఓనరు అంతా విని, “అతికియ్యకుంటే ఎట్ల నిలవడతది అక్కా?” అన్నాడు. బ్యాగులోంచి మౌంట్ తీసి చూపించా. వెనక నల్లగా, ముందు గాజులా ఉంటుంది. స్టాంపు ఆ రెండిటి మధ్యకు జారి కూర్చుంటుంది, జిగురు మౌంటు వెనకే గానీ స్టాంపుకు అంటదు. విప్పి చూసి, కళ్లజోడు నుదుటి మీదికి జరిపి, “మంచిగుంది గదా” అన్నాడు. స్టాంపు ఇవ్వబోతే చెయ్యి చాపలేదు, నా ట్వీజర్ అడిగి తీసుకున్నాడు. సగం టెన్షన్ అక్కడే పోయింది.

తర్వాత మందపాటి అట్టలో (మౌంట్ బోర్డు అంటారు) స్టాంపు కంటే కొంచెం పెద్ద కిటికీ కోశాడు. స్టీలు స్కేలు ఆన్చి, కట్టర్‌ను వంచి పట్టి, అంచు ఏటవాలుగా వచ్చేలా నాలుగు కోతలు. మూల దగ్గర బ్లేడు వెంట్రుక వాసి దాటినా గీత పడుతుంది. మొదటి బోర్డులో పడింది. నా కంటికి ఆనలేదు గానీ ఆయనే దాన్ని పక్కన పడేసి కొత్తది తీశాడు, డబ్బు కూడా వేయలేదు. ఆ బోర్డు మందం వల్లే గ్లాసు స్టాంపుకు ఎడంగా ఉంటుంది. లేకపోతే వానాకాలం చెమ్మకు స్టాంపు గ్లాసుకు అతుక్కుంటే విడదీయడం మన వల్ల కాదు.

వెనక మామూలుగా బ్రౌన్ టేపుతో సీలు చేస్తారు. మాకు తిప్పి తెరిచే క్లిప్పులే కావాలన్నా. “గోడకేసినంక ఎవలు తెరుస్తరక్కా?” అన్నాడు. ఆయనకు మా వాళ్ల సంగతి తెలియదు. సన్మానం రోజు వాచీలాయన ఫ్రేము అందుకుని, ఫొటోకు నిలబడి, కుర్చీలోకి వచ్చీ రాగానే దాన్ని తిరగేసి క్లిప్పులు తిప్పేశారు. జేబులోంచి ట్వీజర్, భూతద్దం తీసి, స్టాంపు వెనక అచ్చేసిననాటి జిగురు చూసి “జిగురు గూడ అసలుదే” అని తేల్చాక గానీ మనసు కుదుటపడలేదు. చప్పట్లు అప్పుడే గట్టిగా పడ్డాయి. నర్సమ్మ గ్లాసు మీద వేలు పెట్టి, తన వార్డు ఏ వైపో పక్కావిడకు చూపిస్తూ భోజనాలు మరిచిపోయారు. లెక్చరర్ గారికి మైకు ఇస్తే, “పోయిన పాకెట్ ఇంకా తిరిగి రాలేదు, ఎవరి దగ్గరుందో దయచేసి పంపండి” అని కూర్చున్నారు.

ధర: ఒక్కో ఫ్రేము 550, పేరు చెక్కిన ఇత్తడి పలక 150 అదనం. న్యాయమైన రేటే. పని రెండు రోజులు ఆలస్యమైంది, ఆ రెండు రోజులూ ఫోన్ ఎత్తలేదు. ప్యాకింగ్ అంటే పాత పేపర్ చుట్టి సుతిలి కట్టడమే, దుప్పటి ఒకటి వెంట తీసుకెళ్లండి. గ్లాసు మామూలుదే, ఎండను ఆపే రకం తన దగ్గర లేదని ముందే చెప్పాడు. కాబట్టి ఎండ పడే గోడకు తగిలించొద్దు, రంగు పోతుంది.

బిల్లు మాత్రం పాత క్యాలెండర్ కాగితం వెనక మొత్తం అంకె ఒక్కటి రాసి ఇచ్చాడు. షాపు పేరు లేదు, తారీఖు లేదు, సంతకం లేదు. క్లబ్బు డబ్బు కదా, దీన్ని వోచర్‌కు ఎలా కుట్టేది? చివరికి నేనే తెల్లకాగితం మీద వివరాలన్నీ రాసి సంతకం పెట్టించుకున్నా. “నమ్మకం లేదా అక్కా?” అని చిన్నబుచ్చుకున్నాడు కూడా. సంఘం డబ్బుతో చేయించేవాళ్లు రసీదు పుస్తకం మీరే పట్టుకెళ్లండి. మౌంట్లు, ట్వీజర్ కూడా ఆయన దగ్గర ఉండవు. పెండ్లిళ్ల సీజన్‌లో అయితే పదిహేను రోజుల ముందే ఇవ్వాలి, అడ్వాన్స్ సగం.