వరదలో మునిగిన లెక్కలు, పోస్ట్‌గ్రెస్ తిరిగి ఇచ్చినవి

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. కోదాడలోని మా రైస్ మిల్లు ఆఫీసులో నడుము లోతు నీళ్లు నిలిచాయి. లెక్కలున్న సర్వర్ బల్ల కింద మునిగిపోయింది. రోజూ రాత్రి నకలు తీసే డిస్కు కూడా దాని పక్కనే మునిగింది. సాఫ్ట్‌వేర్ పెట్టిన సంస్థ ఆ డిస్కునే చూపించి బ్యాకప్‌కు ఢోకా లేదని చెప్పింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

"రైతుల బాకీలు తెలుస్తాయా అమ్మా?" అని మా యజమాని అడిగారు. తెలుస్తాయన్నాను. మా లెక్కలు దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ మీద నాకు ఆ నమ్మకం ఉంది.

గుమాస్తా ముందు చిట్టా రాసి తర్వాత ఆవర్జాకు ఎక్కించినట్టే, ఈ డేటాబేస్ కూడా ప్రతి మార్పునూ మొదట వాల్ అనే చిట్టాలో రాసుకుంటుంది. పాత ఆవర్జా నకలు ఒకటి, ఆ తర్వాతి చిట్టాలన్నీ ఉంటే చాలు, లెక్క మళ్లీ నిలబడుతుంది. వారానికోసారి పీజీ బేస్‌బ్యాకప్ అనే దాని సొంత పనిముట్టుతో పూర్తి నకలు తీసి, నిండిన ప్రతి వాల్ ఫైలునూ నల్లగొండలో యజమాని ఇంటి మేడమీది పాత కంప్యూటర్‌కు పంపేలా ఏడాది కిందటే అమర్చుకున్నాను.

మంగళవారం కొత్త కంప్యూటర్ తెచ్చి కూర్చుంటే సర్వర్ మొదలు కానే లేదు. మా నకలు 14వ వెర్షన్‌ది, కొత్త దాంట్లో పెట్టింది 16. ఈ రకం నకలుకు అదే ప్రధాన వెర్షన్ కావాలి. 14 పెట్టి, నకలు నుంచి లెక్క నిలబెట్టమని చెప్పే రికవరీ సిగ్నల్ అనే ఖాళీ ఫైలు ఉంచి, చిట్టాలు ఎక్కడున్నాయో చెప్పాను. ఒక్కో ఫైలూ ఎక్కుతుంటే తెర మీద నుంచి కన్ను తిప్పలేదు. రైతుల బాకీలు పైసాతో సహా సరిపోయాయి.

శనివారం మధ్యాహ్నం తర్వాతి లోడ్లు మాత్రం లేవు. వాల్ ఫైలు 16 మెగాబైట్లు. నిండితేనే బయటికి వెళుతుంది. ఆ రోజు వానకు లారీలు తక్కువ, ఫైలు నిండలేదు. నిండకపోయినా ఇంతసేపటికి ఫైలును పంపెయ్యమని చెప్పే ఆర్కైవ్ టైమౌట్ అనే అమరిక మొదట సున్నాలో ఉంటుంది, అంటే గడువే లేదు. మాలాంటి చిన్న మిల్లుకు ఇది పెద్ద లోపం. తడిసిన కాటా చీటీలను దండెం మీద ఆరేసి, సిరా చెదిరిన అంకెలను వెలుతురుకు పట్టి చదువుతూ పద్నాలుగు లోడ్లు మళ్లీ ఎక్కించాను.

ఇప్పుడు గడువు ఐదు నిమిషాలు. సగం ఖాళీగా వెళ్లినా ఫైలు 16 మెగాబైట్లే ఉంటుంది కనుక కుదించి పంపుతున్నాను, లేకపోతే ఇంటి ఇంటర్నెట్ తట్టుకోదు.

ఉచితంగా దొరికే ఈ డేటాబేస్‌కు ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది సున్నా గడువుకే. ప్రతి నెలా మొదటి ఆదివారం నల్లగొండ వెళ్లి, మేడమీది కంప్యూటర్‌లో లెక్కంతా కొత్తగా నిలబెట్టి, శనివారం ముగింపు నిల్వతో సరిచూసుకుని వస్తున్నాను.