బ్లూబెర్రీకి "ఫ్రూట్ ఫ్లై ట్రాప్" కొంటున్నారా? ముందు ప్యాకెట్ వెనక చదవండి

అమెరికాలో పెరట్లో బ్లూబెర్రీ వేసినవాళ్లకు, ముఖ్యంగా న్యూజెర్సీ, మిషిగన్ వైపు వాళ్లకు. "అన్ని రకాల పండు ఈగలకూ" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ట్రాప్‌లు కొనకండి. ప్యాకెట్ మీద మిథైల్ యూజినాల్ అని కనిపిస్తే అక్కడే వదిలేయండి. మన మామిడి తోటల్లో కట్టే ఎర అదే. మామిడి మీద వాలే మగ ఈగలు దానికి వస్తాయి, బ్లూబెర్రీని తినేసేవి రావు. దండగైన డబ్బు సంగతి అటుంచండి, డబ్బా ఖాళీగా ఉంది కదా అని నిశ్చింతగా ఉంటాం, ఈలోగా కాయల్లో పురుగు పడిపోతుంది.

బ్లూబెర్రీకి ప్రధానంగా రెండు ఈగలు. స్పాటెడ్ వింగ్ డ్రోసోఫిలా 2-3 మి.మీ. ఉంటుంది, కళ్లు ఎర్రన. మగదానికి ఒక్కో రెక్క చివర ఒక నల్ల చుక్క. ఆడదానికి చుక్క ఉండదు. గుడ్లు పెట్టే రంపంలాంటి గొట్టంతో పగలని కాయలోనే గుడ్డు పెడుతుంది, ఆ గొట్టం చూడాలంటే మంచి భూతద్దం కావాలి. రెండోది బ్లూబెర్రీ మాగట్. కాస్త పెద్దది, రెక్కల మీద నల్లటి అడ్డపట్టీలు, వీపున తెల్ల మచ్చ.

మాగట్‌కు పసుపు జిగురు అట్ట సరే, కానీ అమ్మోనియం ఎర కలిపినదై ఉండాలి. తెల్లదోమ కోసం అమ్మే మామూలు పసుపు అట్టలనే ఇందుకూ అంటగడుతున్నారు, జాగ్రత్త.

డ్రోసోఫిలాకైతే కొనే పనే లేదు. లీటరు ప్లాస్టిక్ డబ్బాకు పైభాగంలో చుట్టూ 5 మి.మీ. రంధ్రాలు పదిదాకా పెట్టండి. పెద్దవైతే తేనెటీగలూ పడతాయి. 350 మి.లీ. నీళ్లలో టేబుల్ స్పూన్ డ్రై ఈస్ట్, నాలుగు టేబుల్ స్పూన్ల చక్కెర, చుక్క వాసన లేని గిన్నెల సబ్బు కలిపి పోసి, పొద నీడలో కాయల మధ్య, కాయ రంగు తిరగకముందే కట్టాలి. వారానికోసారి వడగట్టి చూడండి. మామూలు వంటింటి ఈగలూ పడతాయి కాబట్టి మగవాటి చుక్కలే గుర్తు. పాత ద్రావణం చెట్టు మొదట్లో పారబోయకండి.

అనుమానముంటే ఉప్పు పరీక్ష: నాలుగు కప్పుల గోరువెచ్చని నీళ్లలో పావు కప్పు ఉప్పు, కొద్దిగా నొక్కిన గుప్పెడు పళ్లు. పావుగంట నుంచి అరగంటలో తెల్లటి పిల్లపురుగులు బయటికొస్తాయి.

ట్రాప్ ఈగ వచ్చిందని చెబుతుందే గానీ పంటను కాపాడదు. అందుకు వల కావాలి, అక్కడా మోసమే: పక్షుల వలను "ఇన్సెక్ట్ నెట్" అంటున్నారు. వల కన్ను 1 మి.మీ. లోపుంటేనే తీసుకోండి, పూత రాలి పిందె కట్టాకే కప్పండి.