అద్దె ఇంటి గేటు దగ్గర జాతి వివక్ష: నిషేధ చట్టం మేలా, వాటాలు మేలా?

2012 ఆగస్టులో బెంగళూరు నుంచి గువాహటి వెళ్ళే రైళ్ళు కిక్కిరిసిపోయాయి. ఈశాన్య రాష్ట్రాలవారిపై దాడులు జరగబోతున్నాయన్న వదంతి ఫోన్లలో పాకి, కొద్ది రోజుల్లోనే వేలమంది ఊరు విడిచారు. రైల్వే ప్రత్యేక రైళ్ళు వేసింది. కేంద్రం మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లను పదిహేను రోజులు ఆపింది. "మేమున్నాం, వెళ్ళకండి" అని చేయి పట్టుకుని ఆపే ఇరుగుపొరుగు, అలా వెళ్ళిపోయినవాళ్ళలో ఎందరికి ఉన్నారు? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. ఇరుగుపొరుగు ఏర్పడాలంటే ముందు ఇల్లు దొరకాలి కదా.

ఇల్లు దొరకడం విషయంలో ప్రభుత్వాలు రెండు దారులు పట్టాయి. జాతి చూసి, రంగు చూసి ఇల్లు నిరాకరించడాన్ని బ్రిటన్, అమెరికా 1968లో చట్టంతో నిషేధించాయి. సింగపూర్ 1989లో వేరే దారి తొక్కింది. అన్ని జాతులవాళ్ళూ ఒకే భవనంలో ఉండేలా వాటాలు నిర్ణయించింది.

1964లో జాతుల అల్లర్లు చూసిన దేశం సింగపూర్. అక్కడి ప్రభుత్వ ఫ్లాట్లలో ప్రతి బ్లాకుకూ, ప్రతి పేటకూ ఒక్కో జాతికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. భారతీయులు, ఇతరుల పరిమితిని 2010లో బ్లాకుకు 15 శాతానికి పెంచారు. ఈ పరిమితుల వల్ల ఒక జాతికొక పేట అన్న పరిస్థితి రాలేదు, పిల్లలు ఒకే ఆటస్థలంలో పెరిగారు. అది చిన్న విజయమేమీ కాదు. కానీ భారం ఎవరి నెత్తిన పడిందో చూడండి. చైనీయుల వాటా నిండిన బ్లాకులో ఒక తమిళుడు తన ఫ్లాటును చైనీయులకు అమ్మలేడు. కొనేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. ఇక ధర తగ్గించుకోవాలి, లేదా నెలల తరబడి ఎదురుచూడాలి. ఇలా చిక్కుకున్నవారి ఫ్లాట్లను అవసరమైతే తానే కొంటానని 2022లో ప్రభుత్వం ముందుకు రావాల్సి వచ్చింది. అల్పసంఖ్యాకుల మేలు కోరి పెట్టిన నియమం వాళ్ళ జేబుకే చిల్లు పెట్టింది.

కులం విషయంలో తమిళనాడు ఇలాంటిదే చేసింది. 1998లో మదురై జిల్లా మేలకోట్టైలో మొదలైన సమత్వపురాల్లో, అంటే అన్ని కులాలవాళ్ళూ కలిసి ఉండే కాలనీల్లో, వంద ఇళ్ళకు నలభై దళితులకు ఇచ్చారు. శ్మశానం కూడా అందరికీ ఒకటే. ఆ ఆలోచనంటే నాకు గౌరవం. అయితే రెండుచోట్లా ఇల్లు కట్టి ఇచ్చింది ప్రభుత్వమే. బెంగళూరులో అద్దె ఇల్లంటే ఎవరో ఒకరి సొంత మేడ. అక్కడ వాటా పెట్టమని ఎవరికి చెబుతాం?

అందుకే ఈ ఊరికి నిషేధ చట్టమే మేలని నా అభిప్రాయం. మన రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావుల దగ్గర వివక్షను నిషేధించింది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు.

నిరాకరణను రుజువు చేయడం ఎలా అంటారు. మా ఆఫీసులో పనిచేసే మణిపురి అమ్మాయి గేటుకు తీగతో కట్టిన టు లెట్ బోర్డు చూసి ఫోను చేసింది. సాయంత్రం రమ్మన్నారు. వెళ్ళాక ఓనరమ్మ గేటు కూడా తీయకుండా ముఖం వంక చూసి, ఇల్లు నిన్ననే ఇచ్చేశామంది. మర్నాడు నేను ఫోను చేస్తే తెలుగులోనే జవాబు వచ్చింది: "ఖాళీగానే ఉందండీ, మీదే ఊరు?"

అమెరికాలో దీన్నే సాక్ష్యంగా మలిచారు. ఒకే ఇంటికి ముందొక నల్లవారిని, తర్వాత ఒక తెల్లవారిని పంపి జవాబులు పోలుస్తారు. ఇలా వెళ్ళినవారికి అబద్ధం చెబితే వాళ్ళే దావా వేయవచ్చని 1982లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. చట్టానికి కోరలు వచ్చింది మాత్రం 1988 సవరణతోనే. అంతకుముందు ఇరవై ఏళ్ళు గృహనిర్మాణ శాఖ చేయగలిగింది రాజీ కుదర్చడమే.

ఆ చట్టంలో మనం తెచ్చుకోకూడని మినహాయింపు ఒకటుంది. ఓనరు అదే భవనంలో ఉంటూ, అందులో మొత్తం ఇళ్ళు నాలుగు మించకపోతే ఆ చట్టం వర్తించదు. బెంగళూరు వీధులు తెలిసినవాళ్ళకు దీని అర్థం వెంటనే తెలుస్తుంది: కింద ఓనరు, పైన మూడు అంతస్తుల్లో అద్దెలు. ఆ మినహాయింపు ఇస్తే చట్టం కాగితం మీదే ఉంటుంది.

"నా ఇల్లు, నా ఇష్టం" అనేవాళ్ళకు నా జవాబు ఒకటే. జీతం అడగండి, గుర్తింపు కార్డు అడగండి, అడ్వాన్సు తీసుకోండి. ముఖం చూసి మాత్రం కాదనకండి. ఇంటిపేరు అడిగి కులం తేల్చుకునే ఓనర్ల దగ్గర మన తెలుగువాళ్ళు పడిన అవమానం కూడా ఈ కోవలోదే.

వాటాల పద్ధతిని పూర్తిగా తోసిపుచ్చను. ప్రభుత్వం కట్టి ఇచ్చే ఫ్లాట్లలో లాటరీ తీసేటప్పుడు అన్ని వర్గాలనూ కలిపి కేటాయించవచ్చు. నిషేధాన్ని మాత్రం పీజీల (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళ) నుంచి మొదలుపెట్టవచ్చు. వాటికి నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు ఉండాలి. జాతి చూసి చేర్చుకోకపోతే లైసెన్సు రద్దవుతుందన్న షరతు అందులో చేర్చాలి. మారతహళ్ళి, బీటీఎం వైపు పీజీలు నడిపే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, కాబట్టి ఆ షరతు కావాలని ముందుగా అడగాల్సింది మనమే.