749 డాలర్లకు ఐదు కాలేజీ కోర్సులు కొన్నాను, ఒక్క క్రెడిట్ రాలేదు. టెక్సస్‌లో చదువు మొదలుపెట్టే మనవాళ్ళు జాగ్రత్త!

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక లేనివాళ్ళు ఈ ఒక్క మాట చదివి వెళ్ళిపోండి. ఎవరైనా "మా కోర్సు అక్రెడిటెడ్ (గుర్తింపు ఉన్నది), ఏ యూనివర్సిటీ అయినా తీసుకుంటుంది" అంటే కార్డు బయటికి తీయకండి. ముందు మీరు చేరబోయే కాలేజీకి మెయిల్ పెట్టండి. "ఈ కోర్సు మేం తీసుకుంటాం" అని వాళ్ళు రాసి పంపాకే డబ్బు కట్టండి. నేను ముందు డబ్బు కట్టి, తర్వాత అడిగాను.

నాది గుంటూరు, బీఎస్సీ అక్కడే చదివాను. పెళ్ళయి డాలస్ వచ్చి తొమ్మిదేళ్ళు, హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద. చిన్నోడు బడికి వెళ్ళడం మొదలయ్యాక నర్సింగ్‌లో బ్యాచిలర్స్ చేద్దామని కూర్చున్నా. మన డిగ్రీని ఇవాల్యుయేషన్‌కి పంపితే సైన్సు సబ్జెక్టులు కొన్ని లెక్కలోకి వచ్చాయి. అమెరికా చరిత్ర, గవర్నమెంట్, ఒక ఆర్ట్ కోర్సు, సోషియాలజీ మాత్రం ఇక్కడ చదవాల్సిందేనన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో ఏ బ్యాచిలర్స్ చదివినా కోర్ కరిక్యులమ్ అని, అందరూ చదవాల్సిన 42 క్రెడిట్ అవర్లు (డిగ్రీకి లెక్కించే యూనిట్లు) ఉంటాయి. అందులో అమెరికా చరిత్ర 6, గవర్నమెంట్ 6, క్రియేటివ్ ఆర్ట్స్ 3. కంప్యూటర్ సైన్స్ పిల్లాడైనా, నాలాంటి నర్సింగ్ ఆవిడైనా తప్పించుకోలేరు. "ఇంజెక్షన్ వేయడానికి సెనేట్ ఎందుకే?" అని మా అత్తగారు ఫోన్‌లో అడిగారు. అప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఎలాగోలా తొందరగా వదిలించుకుంటే చాలనుకున్నా. ఆ తొందరే నా కొంప ముంచింది.

సరిగ్గా ఆ వారంలోనే ఫోన్‌లో ప్రకటన. ఆర్ట్ అప్రిసియేషన్, అమెరికన్ గవర్నమెంట్, చరిత్ర రెండు భాగాలు, సోషియాలజీ, అయిదూ కలిపి 749 డాలర్లు. ఇంట్లో కూర్చుని మన ఇష్టం వచ్చిన వేగంతో చదువుకోవచ్చు, చివర్లో ట్రాన్‌స్క్రిప్ట్ ఇస్తారు. సైట్ అడుగున బంగారు రంగు ముద్ర, దాని కింద అక్రెడిటేషన్ ఇచ్చిన సంస్థ పేరు. చాట్‌లో అడిగితే అర నిమిషంలో జవాబొచ్చింది: "అవును మేడమ్, మా క్రెడిట్లు దేశమంతటా ట్రాన్స్‌ఫర్ అవుతాయి." నేను చేరబోయే యూనివర్సిటీ పేరు చెప్పి మరీ అడిగాను. జవాబులో ఆ పేరు ఎక్కడా లేదని ఇప్పుడు మళ్ళీ చదివితే కనబడుతోంది. "చాలా యూనివర్సిటీలు" అని మాత్రమే ఉంది.

కోర్సుల సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. ఆర్ట్‌లో మొదటి పాఠం రేఖ, ఆకారం, రంగు, టెక్స్చర్, అంతవరకు బాగానే ఉంది. తర్వాత అన్నీ స్లైడ్లే, వెనక ఒక మెషీన్ గొంతు. క్విజ్‌లో వాన్ గో 'స్టారీ నైట్' బొమ్మ పెట్టి "చంద్రుడు ఏ వైపు ఉన్నాడు" అని అడిగారు. బొమ్మలో ఎడమవైపు ఉన్నాడు, ఎడమ అని పెట్టాను. తప్పన్నారు. బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి పెట్టుకున్నారన్న సంగతి మా పెద్దమ్మాయి చూసి చెప్పింది. నాలుగో తరగతి పిల్ల! దాన్ని పట్టుకుని నవ్వుకున్నామే గానీ, బొమ్మ తిరగబడితే గుర్తుపట్టే మనిషి ఒక్కరైనా అక్కడ లేరా అన్న అనుమానం నాకు రాలేదు.

ఫైనల్ పరీక్షకు కెమెరా లేదు, ఐడీ అడగలేదు. తప్పితే ఎన్నిసార్లయినా రాయొచ్చు. ప్రతినిధుల సభలో సభ్యులెందరు అనే ప్రశ్న నాకు మూడుసార్లు వచ్చింది. 435. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వ్యాసం ఒక్కటి రాయించలేదు. అయిదు కోర్సులూ పదకొండు వారాల్లో అయిపోయాయి. ఇంట్లో అందరికీ సేమ్యా పాయసం కూడా చేశాను.

తర్వాత ట్రాన్‌స్క్రిప్ట్ యూనివర్సిటీకి పంపాను. మూడు వారాలకు జవాబు వచ్చింది, రెండు వాక్యాలు. ఆ సంస్థకు గుర్తింపు పొందిన అక్రెడిటేషన్ లేదు, కాబట్టి క్రెడిట్ ఇవ్వలేం అని. ఫోన్ చేసి ఏడిచినంత పని చేశాను. అడ్మిషన్స్‌లో ఆవిడ పాపం ఓపికగా విని, "మాకు ఇలాంటివి ప్రతి సెమిస్టర్ వస్తాయి" అంది.

ఇక్కడ అక్రెడిటేషన్ గురించి నాకు ఆలస్యంగా తెలిసింది చెబుతాను. కాలేజీకి గుర్తింపు ఉంటే సరిపోదు. ఆ గుర్తింపు ఇచ్చిన సంస్థకు కూడా గుర్తింపు ఉండాలి. టెక్సస్ ప్రభుత్వ కాలేజీలకు ఇచ్చేది ఎస్ఏసీఎస్‌సీఓసీ అనే సంస్థ. ఏ సంస్థ అసలుదో, ఏది కాదో అమెరికా విద్యాశాఖ వెబ్‌సైట్‌లోనూ, సీహెచ్ఈఏ అనే సంస్థ వెబ్‌సైట్‌లోనూ ఉచితంగా వెతుక్కోవచ్చు. రెండు నిమిషాల పని. నా కంపెనీ చూపించిన ముద్ర రెండు చోట్లా లేదు. వాళ్ళకు వాళ్ళే ఒక సంస్థ పెట్టుకుని వాళ్ళకు వాళ్ళే ముద్ర వేసుకున్నారు. దొంగకు దొంగే జామీను! మన దగ్గర యూజీసీ నకిలీ యూనివర్సిటీల జాబితా వేస్తుంది కదా, అందులో మా గుంటూరు అడ్రసు చూసి నవ్వుకున్నదాన్ని నేను. ఇక్కడికొచ్చి బంగారు ముద్రకు పడిపోయాను.

ఇంకో మాట కూడా కనబడుతుంటుంది, "ఏసీఈ రికమెండెడ్" అని. ఏసీఈ అంటే అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్. ఇది మోసం కాదు, పెద్ద సంస్థే. కానీ అది సిఫార్సు మాత్రమే. ఆ సిఫార్సును తీసుకోవాలా వద్దా అన్నది ఏ కాలేజీకి ఆ కాలేజీ ఇష్టం. కొన్ని తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. దాన్ని చూపించి ఎవరైనా "గ్యారంటీ" అంటే అబద్ధం.

గవర్నమెంట్ దగ్గర టెక్సస్‌లో మరో తిరకాసు ఉంది. మంచి కంపెనీ దగ్గర కొన్నవాళ్ళు కూడా ఇందులో ఇరుక్కుంటారు, అందుకే వివరంగా రాస్తున్నా. రాష్ట్ర చట్టం ప్రకారం గవర్నమెంట్‌కి ఉన్న ఆ 6 క్రెడిట్ అవర్లలో అమెరికా రాజ్యాంగంతో పాటు టెక్సస్ రాజ్యాంగం కూడా ఉండాలి. ఇక్కడి కాలేజీల్లో గవర్నమెంట్ 2305 అంటే ఫెడరల్, 2306 అంటే టెక్సస్. నేను కొన్న కోర్సులో టెక్సస్ అన్న మాటే లేదు. అంటే వాళ్ళ ముద్ర అసలుదే అయినా నాకు సగం పనే అయ్యేది. కోర్సు చదవకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే క్లెప్ అని ఒకటుంది, అది రాసినా అంతే. కాలేజ్ బోర్డ్ పెట్టే క్లెప్‌లో అమెరికన్ గవర్నమెంట్ ఉంది, 20 నుంచి 80 స్కేలులో 50 వస్తే చాలా చోట్ల క్రెడిట్ ఇస్తారు. అది అసలైన దారే, చవక కూడా. కానీ అందులో టెక్సస్ రాజ్యాంగం ఉండదు, ఆ భాగం విడిగా పూర్తి చేయాలి. ఆర్ట్ అప్రిసియేషన్ పేరుతో అయితే క్లెప్ పరీక్షే లేదు. హ్యుమానిటీస్ అని ఒకటుంది, సగం సాహిత్యం సగం కళలు. దాన్ని మీ కాలేజీ ఏ ఖాతాలో వేస్తుందో ముందే అడగండి.

అడిగేటప్పుడు కోర్సు పేరు చెప్పొద్దు, నంబరు చెప్పండి. టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ ఒకే నంబర్ల పద్ధతి ఉంది. 2305లో మొదటి 2 అంటే రెండో ఏడాది స్థాయి, తర్వాతి 3 అంటే మూడు క్రెడిట్లు. ఆర్ట్ అప్రిసియేషన్ 1301. మీ యూనివర్సిటీ ఆ నంబరుకు సమానంగా ఏ కోర్సు ఇస్తుందో వాళ్ళ ట్రాన్స్‌ఫర్ పేజీలోనే రాసి ఉంటుంది. నేను కొన్న కోర్సులకు ఇలాంటి నంబర్లే లేవు, "ఆర్ట్ 1", "గవర్నమెంట్ 1" అంతే. అప్పుడైనా ఆగాల్సింది.

ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద బ్యాచిలర్స్‌కి వచ్చిన పిల్లలు మరీ జాగ్రత్త. మీకు సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు ఫుల్‌టైమ్, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అంటే మూడు క్రెడిట్లే లెక్కలోకి వస్తాయి. బయటి కంపెనీ వీడియోలు చూసి 12 పూర్తయ్యాయనుకుంటే స్టేటస్‌కే ఎసరు. మీ డీఎస్ఓని (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా స్టేటస్ చూసే ఆఫీసర్‌ని) అడగకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు, అలవాటులో రూపాయి అన్నాను, డాలరే. 2011లో ట్రై వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీల ఉదంతాల్లో మన పిల్లలు ఎంతమంది చిక్కుకున్నారో గుర్తుంది కదా. అవి ఇంకా పెద్ద వ్యవహారాలు, నాది చిల్లర వ్యవహారం. 

డబ్బు సంగతి. రీఫండ్ అడిగితే "14 రోజుల్లో, 20 శాతం లోపు పాఠాలు చూసి ఉంటేనే" అన్నారు. నేను అన్నీ చూసేశాను కదా. చాట్‌లో అర నిమిషంలో పలికిన వాళ్ళు ఇప్పుడు అయిదు రోజులకు ఒక మెయిల్. క్రెడిట్ కార్డు వాళ్ళను అడిగితే, చార్జ్ పడిన స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాల్సింది అన్నారు. నాకు సంగతి తెలిసేసరికే నాలుగు నెలలు దాటాయి. కోర్సు ముగిసేదాకా ఆగకుండా మొదటి వారంలోనే కాలేజీని అడిగి ఉంటే రీఫండూ వచ్చేది, డిస్ప్యూటూ నిలబడేది. టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో కన్స్యూమర్ కంప్లయింట్ పెట్టాను, ఎఫ్‌టీసీకి (వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ సంస్థ) కూడా పెట్టాను. చాట్ స్క్రీన్‌షాట్లు అప్పుడు పనికొచ్చాయి. ఆరు వారాలకు కంపెనీ "గుడ్‌విల్" అని 200 డాలర్లు వెనక్కి వేసింది. మిగతా 549 పోయినట్టే. కంపెనీ పేరు ఇక్కడ రాయను, అడగొద్దు. ఆ పేరు మార్చడం వాళ్ళకు పది నిమిషాల పని, గుర్తులు మాత్రం ఇవే ఉంటాయి.

ఇప్పుడు మా కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నాను. మూడు క్రెడిట్ల కోర్సు మూడు వందల డాలర్ల లోపే పడింది. అంటే కంపెనీకి పోసిన డబ్బుతో ఇక్కడ రెండు అసలైన కోర్సులు అయిపోయేవి. గవర్నమెంట్ పుస్తకం కొననే లేదు, రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఓపెన్‌స్టాక్స్‌లో ఉచితంగా ఉంది. ఆర్ట్‌కి స్మార్ట్‌హిస్టరీ అనే సైట్ చూస్తున్నాను, అదీ ఉచితమే. క్లెప్ రాద్దామనుకునేవాళ్ళకు మోడర్న్ స్టేట్స్ వాళ్ళు పాఠాలు ఉచితంగా చెప్పి, పూర్తి చేస్తే పరీక్ష ఫీజు వోచర్ ఇస్తారు. ఇవన్నీ ఉన్నాయని 749 కట్టకముందు నాకు ఒక్కరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదనుకోండి.

చదువులో తేడా కూడా చెప్పాలి. ఆర్ట్ టీచర్ మొదటి అసైన్‌మెంట్‌గా డాలస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కి వెళ్ళి ఒకే బొమ్మ ముందు అరగంట నిలబడి రాయమంది. ప్రవేశం ఉచితం. ఫ్రెడరిక్ చర్చ్ 1861లో వేసిన 'ది ఐస్‌బర్గ్స్' ఎంచుకున్నా, పెద్దది కదా రాయడానికి బోలెడు దొరుకుతుందని. మొదటి పది నిమిషాలు మంచు తప్ప ఏమీ కనబడలేదు. కాళ్ళు లాగుతుంటే కిందికి చూశాను, ముందువైపు విరిగిన ఓడ తెరచాప కొయ్య ఒకటి పడి ఉంది. అంత మంచులో మనిషి జాడ అదొక్కటే. దాన్ని చిత్రకారుడు మొదట వేయలేదని, తర్వాత చేర్చాడని టీచర్ చెప్పింది. అది లేకుండా ఈ బొమ్మ ఎలా ఉండేదో రెండు పేజీలు రాయమంది. రాశాను. బి ప్లస్.

గవర్నమెంట్ క్లాసులో ఈ వారం టెక్సస్ శాసనసభ. రెండేళ్ళకు ఒకసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులే రెగ్యులర్‌గా కూర్చుంటుంది. ఆ మధ్యకాలంలో నర్సుల లైసెన్సు రూల్స్ మార్చాలంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని మా సార్ నన్నే అడిగారు. మా అత్తగారికి ఇప్పుడు జవాబు చెప్పగలను.

సమ్మర్ రిజిస్ట్రేషన్లు మొదలవుతున్నాయి కదా, అందుకే ఇప్పుడు రాశాను. నిన్న రాత్రి అదే ప్రకటన మళ్ళీ నా ఫోన్‌లో వచ్చింది. అవే అయిదు కోర్సులు, అదే బంగారు ముద్ర. ఈసారి 499కే ఇస్తున్నారట.