పొలం చుట్టూ ఏ కంచె మేలు? ముళ్లతీగా, పచ్చని కంచా, సోలారా?

హోస్కోటే, దేవనహళ్లి, ఆనేకల్ వైపు తాతల నాటి పొలాలున్న తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఎక్కడ నలుగురు కూర్చున్నా కంచె మాట వస్తోంది. బెంగళూరు లేఅవుట్లు పొలం గట్టు దాకా వచ్చేశాయి. పక్కన రాగిచేను ఉన్నన్నాళ్లూ హద్దురాయి ఒక్కటి చాలింది. సైట్లు పడ్డాక చాలడం లేదు. ఎవరో రాత్రిపూట చెత్త పోసిపోతారు, ఎవరి బైకో చేను మధ్యలోంచి దారి చేసుకుంటుంది, అనపకాయల కాలంలో దారినపోయే కార్లు ఆగుతాయి. ఆ టెన్షన్‌లో చాలామంది ముందుగా అనే మాట "గోడ కట్టేద్దాం". సాగు చేసుకునే పొలానికి గోడ వద్దని నేను గట్టిగా చెప్తాను. గోడ వాన నీటి దారిని అడ్డుకుంటుంది, గాలిని ఆపుతుంది, లోపల ఏం జరుగుతోందో ఊరికి కనబడనివ్వదు. ఊరి కళ్లు పడే పొలంలో దొంగతనం తక్కువ. ముక్కలు పేర్చే ప్రీకాస్ట్ గోడ చవకగా అయిపోతుందంటారు గానీ, నల్లరేగడి కలిసిన నేలలో ఒక వానకాలం గట్టిగా కురిస్తే పలకలు వాలడం చూస్తూనే ఉన్నాం.

ఏ రకం కంచె అన్నది తేల్చుకునే ముందు లెక్క చూసుకోవాలి. నాలుగెకరాలు చదరంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 1,670 అడుగులు. పది అడుగులకో కూసం (తీగ కట్టే నిలువు స్తంభం) చొప్పున 167 కూసాలు, నాలుగు వరసలకి రెండు కిలోమీటర్ల పైచిలుకు తీగ. అదే పొలాన్ని నలుగురు అన్నదమ్ములు నాలుగు పట్టీలుగా పంచుకుని, ఎవరి చుట్టూ వాళ్లు వేసుకుంటే మొత్తం 4,170 అడుగులు అవుతుంది. ఒక్క సెంటు భూమి పెరగకపోయినా కంచె ఖర్చు రెండున్నర రెట్లు. మా ఇంట్లో నాయన, చిన్నాయన భాగాలు పంచుకున్నా బయటి కంచె ఒక్కటే ఉంచారు. మధ్యలో గట్టు, గట్టు మీద కానుగ చెట్లు, అంతే. ట్రాక్టర్ ఆ చివర తిరిగి వస్తుంది, ఒకరి బోరు చెడితే ఇంకొకరి పైపు గట్టు దాటుతుంది, కానుగాకు ఇద్దరి మళ్లలోనూ పడుతుంది. నా వరకు నాకు, ఏ కంచె వేయాలన్న దానికన్నా అన్నదమ్ముల మధ్య వేయకుండా ఉండటం పెద్ద నిర్ణయం.

ఇక రకాలు. ఈ ప్రాంతంలో ఎక్కువ కనిపించేది రాతి కూసాలకి ముళ్లతీగ. గ్రానైటు మనకి కాలి కిందే ఉంది. ఉలి, సుత్తి పట్టి బండని నిలువునా చీల్చే వడ్డెర్లు తరతరాలుగా ఈ చుట్టుపక్కలే ఉన్నారు, వాళ్లలో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. రాతికి చెద పట్టదు, తుప్పు పట్టదు. సిమెంటు కూసంలో లోపలి ఇనుపచువ్వకి తడి తగిలితే అది ఉబ్బి పైన పగులు తెస్తుంది. రాతికి ఆ బాధ లేదు. ఏడడుగుల కూసం రెండడుగులు భూమిలో ఉండాలి, మూలల్లో రెండువైపులా వాలుగా ఆసరా కూసాలు పడాలి. ఆసరా సరిగా లేకపోతే తీగ బిగించినప్పుడు మూల కూసం లోపలికి ఒరిగిపోతుంది, దాంతో వరసంతా వదులైపోతుంది. పనివాళ్లు తొందరపడేది ఇక్కడే. వాళ్లు మూల బిగించేటప్పుడు పక్కనే నిలబడాలి. ముళ్లతీగ కొనేటప్పుడు, అల్లుకున్న రెండు పోగుల మీద జింకు పూత సమంగా ఉందా, ముల్లు చుట్టు గట్టిగా ఉందా, వేలితో తిప్పితే జరుగుతోందా చూసుకుని తీసుకోవాలి. ముల్లు జరిగే తీగ మీద బర్రె మెడ పెట్టి తోస్తే ముళ్లన్నీ ఒక పక్కకి పోతాయి.

ముళ్లతీగ ఆవుని, బర్రెని ఆపుతుంది, మనిషిని మొహమాటపెడుతుంది. మేకని ఆపదు, అడవిపందిని అసలే ఆపదు. మేకలూ కుక్కలే పెద్ద బాధైతే చైన్‌లింక్ జాలీ మేలు. అయితే జాలీ అడుగు జానెడు మట్టిలోకి పోవాలి, లేదంటే పంది ముట్టెతో ఎత్తేస్తుంది. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నమవుతుందని గుర్తుంచుకోండి, పన్నెండు గేజ్ కన్నా పది గేజ్ లావు. నాలుగెకరాల చుట్టూ జాలీ అంటే చాలా ఖర్చు. అందుకే కోళ్లు, కూరగాయల మళ్లు, ఇంటి చుట్టుపక్కల వరకే జాలీ పెట్టి, మిగతాదానికి తీగ పెట్టుకోవడం తెలివైన పని.

పచ్చని కంచె దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దాన్ని పాతకాలపు పద్ధతి అని తీసిపారేస్తున్నారు. బ్రిటిషువాళ్లు ఉప్పు పన్ను దొంగదారిన తప్పకుండా ఉత్తర, మధ్య భారతంలో వందల మైళ్ల పొడవునా ముళ్లచెట్ల కంచె పెంచారు. రేగు, తుమ్మ, వాక్కాయ, జెముడు, నేలని బట్టి ఏది బతికితే అది నాటారు. 1879లో ఆ సుంకపు గీతనే ఎత్తేసే దాకా దాన్ని కాపాడారు. మనిషినీ ఎద్దునీ ఆపడానికి అది పనికొచ్చింది. మన పొలానికీ వస్తుంది.

నన్నడిగితే వాక్కాయకే మొదటి ఓటు. జంటముళ్లు గట్టిగా ఉంటాయి, కత్తిరించిన కొద్దీ గుబురు కడుతుంది, ఒకసారి వేళ్లూనాక నీళ్లు అడగదు. కాయలు పప్పులోకి, పచ్చడిలోకి. సీమచింత త్వరగా లేస్తుంది, పిల్లలకి కాయలిస్తుంది, కానీ ఏటా నరకకపోతే చెట్టయి కింద సందులొస్తాయి. కిత్తలిని పశువు ముట్టదు, రాళ్లనేలలోనూ బతుకుతుంది, కాకపోతే పక్కకి పిలకలేస్తూ జాగా తినేస్తుంది. కాడజెముడు కొమ్మ గుచ్చితే చాలు, కానీ దాని పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లలున్న ఇంటి దగ్గర వద్దు. గ్లైరిసీడియాకి ముళ్లు లేవు, అయినా తీగ కంచె పక్కన నాటితే ఏటా పచ్చిరొట్ట ఇస్తుంది. సర్కారు తుమ్మ, నీలగిరి మాత్రం హద్దులో వద్దు. వాటి వేళ్లు చేలోకి వచ్చి తేమంతా లాగేస్తాయి. కంచె చేను మేయడమంటే అచ్చంగా అదే.

పచ్చని కంచెకి రెండు లోపాలు ఒప్పుకోవాలి. ఒకటి, గట్టిపడటానికి రెండు మూడేళ్లు పడుతుంది, ఈలోగా మేకలు చిగుళ్లు కొరికేస్తాయి. రెండు, జాగా. ఐదడుగుల వెడల్పు వదిలితే నాలుగెకరాల చుట్టూ ఏడున్నర గుంటలు పోతుంది. బెంగళూరు శివార్లలో ఏడున్నర గుంటలంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అయినా ఆ జాగా ఊరికే పోదు. ముంగిస, జెముడుకాకి, ఎలుకల్ని పట్టే పాములు అందులోనే ఉంటాయి. చెట్లూ పొదలూ ఒకదానికొకటి అందేచోట దేవాంగపిల్లి రాత్రిళ్లు తిరుగుతుంది. లేఅవుట్ నుంచి వచ్చే దుమ్ము, ప్లాస్టిక్ కవర్లు రాగిచేలో పడకుండా ఆగేదీ అక్కడే.

సోలార్ కంచె గురించి భయమూ ఎక్కువే, భ్రమా ఎక్కువే. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడిచే ఎనర్జైజర్ అనే పెట్టె తీగలోకి సుమారు సెకనుకోసారి వేల వోల్టుల దెబ్బ పంపుతుంది. ఆ దెబ్బ సెకనులో వందో వంతు కూడా ఉండదు కాబట్టి జంతువు అదిరి వెనక్కి పోతుందే గాని చావదు. అడవిపందులున్న చోట దీన్ని మించింది లేదు. బన్నేరుఘట్ట అడవి అంచున ఆనేకల్ పొలాలకి రాగి కోతల కాలంలో ఏనుగులొస్తాయి, అక్కడ ముళ్లతీగ దండగ. కానీ సోలార్ కంచెకి రోజూ ఒక మనిషి కావాలి. వానకాలంలో గడ్డి పెరిగి కింది తీగకి తగిలితే కరెంటు భూమిలోకి జారిపోతుంది. ఎండాకాలంలో నేల ఎండి ఎర్తింగ్ పనిచేయదు, రాడ్ల దగ్గర కుండెడు నీళ్లు పోస్తుండాలి. వారాంతంలో మాత్రమే పొలానికి వచ్చేవాళ్లకి ఇది కుదరదు. బోరు లైను నుంచి నేరుగా తీగకి కరెంటు ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. అది కంచె కాదు, ఉరి. రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన సొంత మనిషే పడిపోతాడు. చట్టం ప్రకారం కూడా అది నేరం. దానివల్ల ఏనుగు చస్తే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద వేరే కేసు.

ఏ కంచె అయినా కూసానికి గుంత తవ్వకముందే సర్వేశాఖకి అర్జీ పెట్టి హద్దుబస్తు, అంటే కొలిచి హద్దులు తేల్చడం, చేయించండి. పక్కవాళ్లకి నోటీసు పోతుంది, వాళ్ల ఎదుటే హద్దు తేలుతుంది, తర్వాత మాట రాదు. పహణీలో (పొలం రికార్డులో) ఖరాబు, అంటే సాగు లెక్కలోకి రాని జాగా, ఎంతో చూడండి. బి ఖరాబు అంటే దారి, కాలువ లాంటి ఊరుమ్మడి జాగా, మన పొలం మధ్యలో ఉన్నా కంచెలో కలుపుకోకూడదు. 20 ఏళ్లుగా అడ్డూ ఆపూ లేకుండా పక్కరైతు నడిచిన దారికి 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం హక్కు ఇస్తుంది. మా ఎగువ పొలం పెద్దాయన అడిగింది ఒక్కటే: "కంచె వేసుకోప్పా, మా దారి మాత్రం మూయద్దు." ఆ చోట రెండు రాళ్లు దగ్గరదగ్గరగా పాతించాం. మనిషి ఒళ్లు పక్కకి తిప్పితే దూరతాడు, ఆవు దూరలేదు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు కూడా దించకుండా పోతారు, ఎందుకంటే రాళ్లు నడుము ఎత్తే ఉన్నాయి. తాళం వేసిన గేటు కన్నా ఆ సందుతోనే మాకు మేలు జరిగింది. పొద్దున మనం లేకపోయినా ఎవరో ఒకరు పొలం మీదుగా నడుస్తారు, తీగ తెగితే వాళ్లే ఫోన్ చేస్తారు.

కాబట్టి నా మాట ఇది. కుటుంబం మొత్తానికి కలిపి బయట ఒక్క వరస రాతి కూసాలు, ముళ్లతీగ. దానికి లోపలివైపు, రోడ్డు పక్కా లేఅవుట్ పక్కా వాక్కాయ కంచె. పందులొచ్చే పక్క మాత్రమే సోలార్, అదీ పొలంలో ఎవరైనా కాపురం ఉంటే. రాగి కోతలయ్యాక జనవరి, ఫిబ్రవరిల్లో చేను ఖాళీగా ఉంటుంది, కూసాల బండి తిరగడానికి అదే అదను. వాక్కాయ విత్తనం ఎండితే సరిగా మొలవదు. వానకాలంలో నల్లగా మాగిన పళ్లు తెచ్చి, గుజ్జు కడిగి, ఆ వారంలోనే సంచుల్లో వేస్తే పై ఏడు జూన్ వానలకి నాటే మొక్కలు చేతికొస్తాయి. రెండు వరసలుగా, ఒక వరస మొక్క ఇంకో వరస సందుకి ఎదురుగా వచ్చేట్టు నాటండి.