జోన్ ఫైళ్లకు ఎం4: నాలుగేళ్ల వాడకం తర్వాత

నల్లగొండలో ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థకు డీఎన్‌ఎస్ పని, అంటే వెబ్‌సైట్ల పేర్లను ఐపీ చిరునామాలతో కలిపే పని చూస్తాను. మిర్యాలగూడ రైస్ మిల్లులు, దేవరకొండ బడులు, ఇక్కడి దుకాణాలు అన్నీ కలిపి అరవై దాకా డొమైన్లు మా బైండ్ (డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్) సర్వర్ల మీద ఉన్నాయి. వాటి జోన్ ఫైళ్లను, అంటే ఒక్కో డొమైన్‌లోని పేర్లు, చిరునామాలు రాసి ఉండే ఫైళ్లను, నాలుగేళ్లుగా ఎం4 టెంప్లేట్ల నుంచే తయారుచేస్తున్నాను. 1977లో కెర్నిగన్, రిచీ రాసిన మాక్రో ప్రాసెసర్ అది: ఒకచోట నిర్వచించిన పేరు (మాక్రో) ఎక్కడ కనిపించినా దాని బదులు అసలు పాఠాన్ని పెడుతుంది.

దాని విలువ నాకు ఒక్క రాత్రిలో తెలిసింది. మాకు లైను ఇచ్చే సంస్థ మారడంతో ఐపీ చిరునామాలన్నీ మారాయి. రెండు రోజుల ముందే టీటీఎల్‌ను (ఇతర సర్వర్లు మా జవాబును దాచుకోగల సెకన్లు) 86400 నుంచి 300కు దించాను, అందుకు ఒక వరుస దిద్దితే సరిపోయింది. ఆ రాత్రి నిర్వచనాల ఫైలులో మూడు వరుసలు మార్చి మేక్ (ఫైళ్లను మళ్లీ తయారుచేసే ఆదేశం) నడిపాను. అరవై ఫైళ్లూ మారిపోయాయి. చేత్తో దిద్దే రోజుల్లో అయితే ఎక్కడో ఒక పాత చిరునామా మిగిలిపోయేది. పేరు చివరి చుక్క బాధ కూడా తీరింది. చుక్క మరిస్తే పేరు వెనక జోన్ పేరు మళ్లీ అతుక్కుంటుంది. ఇప్పుడు చుక్కతో సహా పేరు మాక్రోలోనే ఉంది.

అయితే ఎం4కు డీఎన్‌ఎస్ తెలియదు, దానికి అన్నీ అక్షరాలే. మొదట్లో మెయిల్ సర్వర్ చిరునామాకు ‘మెయిల్’ అనే మాక్రో పేరు పెట్టాను. రికార్డు (జోన్ ఫైలులో ఒక పేరుకు సంబంధించిన వరుస) ఎడమవైపున్న మెయిల్ అన్న పేరు కూడా ఐపీగా మారిపోయింది. సెమికోలన్ వెనక రాసుకున్న వ్యాఖ్యల్లోని మాటలనూ వదలదు. అప్పటి నుంచి మాక్రోలన్నిటికీ పెద్ద అక్షరాలు, ముందు ఒకే గుర్తు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది సీరియల్, అంటే జోన్ మారిందని చెప్పే సంఖ్య. ఆనాటి తేదీకి చివర 01 చేర్చి టెంప్లేటే రాసేలా పెట్టాను. ఒకే రోజు రెండోసారి మార్చినప్పుడు సంఖ్య మారలేదు, జోన్ల నకళ్లు ఉంచుకునే సెకండరీ సర్వర్ కొత్త జోన్‌ను తీసుకోలేదు. ఒక మిల్లు వెబ్‌సైట్ సాయంత్రం దాకా కొందరికి పాత చిరునామాలోనే తెరుచుకుంది. యూనిక్స్ సెకన్లకు (1970 మొదలు నుంచి లెక్కించే సెకన్లు) మారదామంటే ఆ సంఖ్య 170 కోట్ల పైచిలుకు, తేదీ రూపం 202 కోట్లు దాటింది. సీరియల్ వెనక్కి వెళ్తే సెకండరీ దాన్ని పాతదనే అనుకుంటుంది. చివరికి ప్రతి జోన్‌కూ సీరియల్‌ను వేరే ఫైలులో ఉంచి, మార్పు ఉన్నప్పుడల్లా ఒకటి పెంచే చిన్న స్క్రిప్టు రాశాను.

బైండ్‌తో వచ్చే తనిఖీ పనిముట్టు నేమ్‌డ్-చెక్‌జోన్ దాటకుండా ఏ ఫైలునూ సర్వర్‌లోకి పంపను. చుక్క తప్పిన ఎంఎక్స్‌ను (మెయిల్ సర్వర్‌ను చెప్పే రికార్డు) అది పట్టుకుంటుంది, పీటీఆర్‌ను (చిరునామా నుంచి పేరు చెప్పే రికార్డు) పట్టుకోదు. అందుకే పీటీఆర్‌లు ఉండే రివర్స్ జోన్ల పాత, కొత్త ఫైళ్లను డిఫ్‌తో (తేడాలు చూపే ఆదేశం) పక్కపక్కన పెట్టి కళ్లతో చూస్తాను.

డొమైన్లన్నీ క్లౌడ్ సేవల్లో ఉన్నవారికి ఆక్టోడీఎన్‌ఎస్, డీఎన్‌ఎస్‌కంట్రోల్ అనే పనిముట్లు నయం, అవి రికార్డులను రికార్డులుగానే చూస్తాయి. సొంత బైండ్ నడిపే మాలాంటివారికి ఎం4 చాలు. పోయిన నెల చేరిన కుర్రవాడు మొదటి వారంలోనే నకిరేకల్ దుకాణం ఒకదాని జోన్‌ను ఎనిమిది వరుసల్లో రాశాడు. చెక్‌జోన్ ఒక్క తప్పూ చూపలేదు.